లాభం, రెండు, మూడు

మధ్యాహ్న భోజనంలో గుడ్లు పంచే పని ఆ రోజు నీలవేణిది. గిన్నె నడుముకు ఆనించుకుని, వరుసగా కూర్చున్న పిల్లల కంచాల్లో ఒక్కొక్క గుడ్డే పెడుతూ లెక్కపెడుతోంది.

"లాభం, రెండు, మూడు, నాలుగు..."

నేను పప్పు వడ్డిస్తున్నాను. గరిటె గిన్నెలోనే ఆగిపోయింది.

మా లంకలో ఎవరూ అలా లెక్కపెట్టరు. ధాన్యం కొలిచేవాళ్ళు మొదటి కుంచాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. రాశి ముందు కూర్చుని కొలత మొదలుపెట్టేటప్పుడు నోట మంచి మాట రావాలని పెద్దల పట్టింపు. కొల్లేటి మధ్యలో ఉన్న ఈ లంకలో కళ్ళం లేదు, రాశి లేదు. బియ్యం పడవ మీద సంచుల్లో వస్తాయి. ఇక్కడి పిల్లలకు తెలిసిన రాశులు చేపలవే.

అలా లెక్కపెట్టే మనిషిని నేను ఒక్కరినే ఎరుగుదును. ఆమె పోయి అప్పటికి ఒక వానాకాలం దాటింది.

లాభం అనడం ఎవరు నేర్పారని నీలవేణిని అడిగాను. నేనేదో తెలివితక్కువ ప్రశ్న వేసినట్టు నా మొహంలోకి చూసింది.

"ఎవరూ నేర్పలేదండి. లెక్క అక్కడే కదండీ మొదలవుద్ది?"

*

నా భార్య సుభద్రా నేనూ ఈ బడికి ఒకేసారి వచ్చాం. చిన్న తరగతులు ఆమెవి, పెద్ద తరగతులు నావి. కాపురం గట్టు మీద ఊళ్ళో. రోజూ పొద్దున తాటిదోనెలో సరస్సు దాటి లంకకు రావాలి, సాయంత్రం అలాగే వెళ్ళాలి.

సుభద్రకు నీళ్ళంటే భయం. చిన్న భయం కాదు. దోనె కదిలింది మొదలు కళ్ళు మూసుకుని కూర్చునేది. ఎడమచేత్తో కుచ్చిళ్ళు దగ్గరగా పట్టుకునేది, కుడిచేత్తో నా మణికట్టు. లంక గట్టు తగిలాక కూడా ఆ చెయ్యి వెంటనే వదిలేది కాదు. దోనె నడిపే కోటమ్మ గడకర్ర పైకి లాగుతూ నవ్వేది. "అయిపోయిందమ్మా సంద్రం. ఇంక కళ్ళు తెరవొచ్చు" అనేది. అన్నేళ్ళలో నీళ్ళకు భయపడి సుభద్ర బడి మానిన రోజు మాత్రం లేదు.

ఆ భయం ఎక్కడిదో పెళ్ళైన కొత్తలోనే చెప్పింది. వాళ్ళ నాన్న వీర్రాజుగారు మెరక ఊళ్ళో ధాన్యం కొలిచే మనిషి. సుభద్రకు ఐదో ఏడు నడుస్తుండగా వాళ్ళ అన్న ఊరి కాలువలో మునిగి పోయాడు. ఆ తరవాత ఆయన పిల్లను ఇంటి దగ్గర వదల్లేదు. తను పనిచేసే కళ్ళానికే వెంట తీసుకుపోయి, కొలత సాగుతున్నంతసేపూ పక్కనే కూర్చోబెట్టుకునేవాడు. ఆమె అక్షరాలు దిద్దింది అక్కడే, చాటలో పరిచిన వడ్లలో వేలితో. లెక్కలు నేర్చింది ఆయన గొంతు వెంట. లాభం, రెండు, మూడు.

అందుకే కాబోలు, ఆమెకు చదువు రాని రోజు బాగా గుర్తుండేది. చాలామందికి ఉండదు. నాకైతే అసలు లేదు. ఎప్పుడూ చదవగలిగినట్టే ఉంటుంది. అర్థం కాని పిల్లవాడి ముందు నేను అదే మాట ఇంకాస్త గట్టిగా చెప్పేవాణ్ణి. ఆమె మాత్రం వాడి పక్కన కూర్చుని వాడు చూస్తున్న వైపే చూసేది. "ఏదీ, నాకూ తెలీదనుకో. ఇద్దరం చూద్దాం" అనేది.

డాక్టర్ మెహర్ వెతుక్కుంటూ వచ్చింది ఆ గుర్తు కోసమే.

*

ఆవిడ పట్నంలో ఒక పరిశోధనాలయంలో పనిచేసేవారు. ఐదో తరగతికి వచ్చినా తీసివేత రాని పిల్లలు, చదివిన వాక్యం అర్థం కాని పిల్లలు ఆవిడ బాధ. పైన ఎంత కట్టినా పునాది వదులుగా ఉంటే నిలవదని ఆవిడ వాదన. అక్షరం, అంకె, చుట్టూ ఉన్న ప్రపంచం, ఈ మూడింటినీ మనసు మొదటిసారి పట్టుకున్న తీరు ఒకటుంటుందనీ, బాగా పట్టుకున్నవాళ్ళ దగ్గర ఆ తీరును ఎత్తి పిల్లల్లో నాటవచ్చుననీ కనిపెట్టారు. పిల్లలు మధ్యాహ్నం నిద్రలో ఉండగా మెత్తటి టోపీ ఒకటి పెడితే చాలు. సమాచారం ఎక్కదు. ఎక్కాలూ పద్యాలూ వాటంతట అవి రావు. కానీ నేర్పినది జారిపోకుండా నిలిచే చోటు ఏర్పడుతుంది.

ఆ తీరు ఎత్తించుకోవడానికి టీచర్లు చాలామందే వెళ్ళారు. సుభద్ర దగ్గర దొరికినంత స్పష్టంగా ఎవరి దగ్గరా దొరకలేదు.

ఆ వేసవి అంతా ఆమె పరిశోధనాలయంలో కూర్చుంది. నేను నడవలో బల్ల మీద ఉండేవాణ్ణి. అద్దంలోంచి కనిపించేది. తల నిండా తీగలు, ఒళ్ళో చాట. కాళ్ళ కింద వడ్లుంటే బాగా గుర్తొస్తుందని ఆమె అడిగిందట. పట్నంలో వడ్లెక్కడ దొరుకుతాయని అక్కడి కుర్రాళ్ళు తలపట్టుకున్నారట. మూడోనాటికి ఎలాగో బస్తా తెచ్చి నేల మీద పోశారు. చల్లటి ఆ గదిలో, పాదాలు వడ్లలో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, పెదవులు కదుపుతూ నా భార్య తన ఐదో ఏటికి వెళ్ళి వస్తుండేది.

ఆమె నుంచి ఎత్తినది కంప్యూటర్లో దాచే బొమ్మలాంటిది కాదు. గాజుబిళ్ళ మీద సజీవమైన నాడీకణాలను పొరగా పెంచి, ఆ పొరకు ఆమె తీరు నేర్పుతారు. అది అలాంటిది ఒక్కటే ఉంటుంది, ఇంకోటి చేయడం కుదరదు. అరచేతి కంటే కొంచెం పెద్దది. పరిశోధనాలయంలో అందరూ దాన్ని పలక అనేవారు.

తిరుగు బస్సులో సుభద్ర కిటికీ పక్కన కూర్చుని అంది:

"చివరికి నన్నే పలక చేశారండీ. మీ పెద్ద క్లాసు వెధవలు పగలగొడతారేమో, జాగ్రత్త."

తొలకరిలో ఆమెకు జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అనుకుని లంకకు వచ్చాం, బళ్ళో ఉండగా ముదిరింది. పట్నం ఆసుపత్రికి తీసుకువెళ్ళేటప్పుడు దోనెలో మొదటిసారి ఆమె నా మణికట్టు పట్టుకోలేదు. ఆ సంగతి నేను గట్టెక్కాక గమనించాను.

*

మెహర్ టోపీలు తీసుకుని లంకకు వచ్చినప్పుడు ముందుగా నా అనుమతి అడిగారు. నేను వద్దంటే వేరే టీచరు పలక వాడతామన్నారు. సుభద్ర పిల్లలకోసం ఇచ్చింది, పిల్లలకే పెట్టండి అన్నాను.

భోజనాలయ్యాక చాపలు పరిచి పిల్లల్ని పడుకోబెట్టేవాళ్ళం. కిటికీల్లోంచి సరస్సు వెలుగు పైకప్పు మీద పడి వణుకుతుండేది. తలలకు ఊదారంగు టోపీలు. మూలన చిన్న పెట్టెలో పలక ఉండేది, చల్లగా, ఏ చప్పుడూ లేకుండా. ఆ సమయంలో గదిలోకి వెళ్తే ఎండిన గడ్డి వాసన వచ్చేది. ఆ వాసన నాకే వస్తోందనుకున్నాను. ఒకరోజు వంట చేసే ఆవిడ తలుపు దగ్గర ఆగి, గడ్డివాము వాసన ఎక్కడిదని అడిగింది.

నిద్రలేచిన పిల్లలు కాసేపు చేతులూ మెడా గోక్కునేవారు. వడ్ల నూగు పడితే వచ్చే దురద అది. ఏ పిల్లవాడి ఒంటి మీదా ఏమీ ఉండేది కాదు.

చదువు మాత్రం వచ్చింది. నేను ఇంతకుముందు చూడనంత సులభంగా వచ్చింది. మూడో తరగతిలో ఉన్నా తన పేరు రాయలేని సైదులు, పాఠం చదివి ఆగి, ఈ కుందేలు అబద్ధం చెబుతోంది మాస్టారండీ అన్నాడు. అంకెలు మాత్రమే కూడగలిగిన పిల్లలు ఎందుకు కూడుతున్నారో అడగడం మొదలుపెట్టారు. విత్తనం నీళ్ళలో వేస్తే ఎందుకు ఉబ్బుతుందో చెప్పబోతే, ముందు మమ్మల్ని అనుకోనివ్వండి అన్నారు. తండ్రులు బడి ముందు దోనెలు ఆపి, పిల్లలు గట్టిగా చదువుతుంటే విని వెళ్ళేవారు.

వీటితోబాటు ఇంకొకటి కూడా వచ్చింది. గుడ్లు పంచిన రోజు తరవాత నేను దానికోసం చూడటం మొదలుపెట్టాను. సైదులు తన రాతపలకను అరచేత్తో కాక, మణికట్టు పైకెత్తి వేలికొసలతో తుడిచేవాడు. సుభద్ర గాజులకు సుద్ద అంటకుండా అలా తుడిచేది, వాడికి గాజులు లేవు. ఒకటో తరగతి పిల్ల తప్పు చేసిన తోటిపిల్ల పక్కన చతికిలబడి, "ఏదీ, ఇద్దరం చూద్దాం" అంది. దోనె దిగేటప్పుడు నీలవేణి ఎడమచెయ్యి గౌను ముందు భాగాన్ని దగ్గరగా పట్టుకుంది, లేని కుచ్చిళ్ళు సర్దుకుంటూ. కుడిచెయ్యి నా వైపు చాపింది. నేను మణికట్టు అందించాను.

మెహర్‌కు ఇవేమీ రాయలేదు. ఆవిడ ఫోన్ చేసినప్పుడల్లా పిల్లలు బాగా చదువుతున్నారని చెప్పేవాణ్ణి. అది నిజం. సాయంత్రాలు బడి వదిలాక కూడా ఏదో ఒక పని పెట్టుకుని ఉండిపోయేవాణ్ణి. సైదులుతో పలక తుడిపించేవాణ్ణి. నీలవేణిని గవ్వలు లెక్కపెట్టమనేవాణ్ణి. ఇంటికి వెళ్ళి తాళం తీసేటప్పుడు, లోపల ఖాళీ మునుపటంత పెద్దదిగా ఉండేది కాదు.

పిల్లలు మధ్యాహ్నం గట్టు దిగి ఆడటం తగ్గించారు. గూడబాతుల వెనక ఈదుకుంటూ పోయే అలవాటు మానేశారు. బుద్ధి వచ్చిందనుకున్నాను.

*

ఆ పొద్దున మంచు దట్టంగా ఉంది. నేను ముందు దోనెలో లంక చేరి గట్టు మీద నిలబడ్డాను. నీలవేణి, చేపలు ఎత్తడానికి వెళ్ళిన వాళ్ళ నాయనమ్మతో దోనెలో వెనక వస్తోంది. నాయనమ్మ అంటే కోటమ్మే. మంచులో దోనె కనిపించడంలేదు, కోటమ్మ గొంతు మాత్రం వినిపిస్తోంది. మావులనే వెదురు బోనుల్లో పడ్డ చేపల్ని బుట్టలో వేస్తూ జతల్లో లెక్కపెడుతోంది. జత, రెండు జతలు, మూడు జతలు. ఒకప్పుడు నీలవేణి కూడా గొంతు కలిపేది. ఈమధ్య ఆ లెక్క దానికి తికమకగా ఉంటోందని కోటమ్మ నాతో ఒకసారి అంది. బళ్ళో లెక్క వేరు కదా అని సర్దిచెప్పాను.

గుర్రపుడెక్క గుబురుకు తగిలి దోనె ఒరిగినట్టుంది. నీళ్ళలో ఏదో పడ్డ చప్పుడైంది. పెద్ద చప్పుడేం కాదు. ఎవరూ కంగారుపడలేదు. నడక రాకముందే ఈత వచ్చిన పిల్ల అది. కోటమ్మ నవ్వుతూ, "బట్టలు తడిపేవంటే మీ అమ్మ నన్ను తంతాదే, ఎక్కు" అంది.

జవాబు రాలేదు.

మంచు కొద్దిగా విడింది. అప్పుడు నాకు కనిపించింది. నీలవేణి నీళ్ళ కింద నిలువుగా ఉంది. చేతులు కొట్టడంలేదు, కాళ్ళు కొట్టడంలేదు. కళ్ళు మూసుకుంది. ఎడమచెయ్యి కడుపు దగ్గర గౌనును బిగించి పట్టుకుంది. కుడిచెయ్యి మాత్రం పక్కకు చాపి, వేళ్ళు తెరిచి, దేనికోసమో వెతుకుతోంది.

నేను చొక్కాతోనే దిగాను. నాకంటే ముందు కోటమ్మ దూకి దాన్ని జుట్టు పట్టి పైకి లాగింది. గట్టు మీద బోర్లా పడుకోబెట్టి వీపు చరిచింది. పిల్ల నీళ్ళు కక్కింది. ఊపిరి అందాక కళ్ళు తెరిచి మా ఇద్దరినీ కొత్తవాళ్ళను చూసినట్టు చూసింది.

"అన్నయ్యేడి?" అంది. "అన్నయ్య ఇంకా కాలవలోనే ఉన్నాడు. నాన్నని పిలవండి."

నీలవేణికి అన్నయ్య లేడు. లంక చుట్టూ కాలువా లేదు.

కోటమ్మ మనవరాలి తడి తలను ఒళ్ళో పెట్టుకుని నా వైపు చూసింది. "ఎవరి పిల్లని చేశారు మాస్టారూ దీన్ని?" అంది. ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

*

పలక ఉన్న పెట్టె తీసుకుని పట్నం పరిశోధనాలయానికి వెళ్ళాను. మెహర్ అంతా విని పెట్టెను దగ్గరకు లాక్కున్నారు. తర్వాత, తాము అక్షరాలను, అంకెలను, చుట్టూ ఉన్న ప్రపంచపు ఎరుకను మాత్రమే ఎత్తామనుకున్నామని చెప్పారు. వాటి కింద ఇంకా ఏదో ఉంటుందని ఎవరికీ తోచలేదు. సుభద్ర అక్షరాలు నేర్చింది అన్న పోయిన దుఃఖం మీద, నీటి భయం మీద. ఆ భయమే ఆమెను కళ్ళంలో కూర్చోబెట్టింది. దాన్ని వదిలిపెట్టి అక్షరాలను ఎత్తడం కుదరలేదు. కుదరదని ముందు తెలియలేదు.

తీసేయవచ్చా అని అడిగాను.

తీయవచ్చు, కానీ పెట్టి ఏడాది తిరిగితే పిల్లల్లో గట్టిపడిపోతుంది, ఆలోపు జరగాలి అన్నారు. అప్పటికి కొద్ది వారాలే మిగిలాయి. పిల్లలు మళ్ళీ మొదటికి వస్తారు, నేర్చినది నిలవదు. ఇంకో సంగతి చెప్పేముందు ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. పెట్టింది పలక నుంచి కాబట్టి, తీసింది కూడా పలకలోకే రావాలి. ఒక్కొక్క పిల్ల నుంచి తిరిగి వచ్చేటప్పుడు ఆ పిల్లది కొంత కలిసి వస్తుంది. అందరికీ తీసేసరికి పలక మీద సుభద్ర మిగలరు.

"అక్కడ ఎవరూ లేరని నాకు తెలుసు మాస్టారూ," అన్నారు మెహర్. "కణాల పొర అంతే. కానీ మీకు చెప్పకుండా మొదలుపెట్టలేను."

నేను ఒకటి అడిగాను. నా ప్రశ్న ఆవిడకు ముందే తెలిసినట్టుంది.

"తీసేముందు నాకు ఒకసారి పెట్టవచ్చా?"

"పెట్టవచ్చు. పెద్దవాళ్ళలో గట్టిగానే నిలుస్తుంది. కానీ మీరు మొదట నేర్చుకున్న తీరు పోతుంది, దాని చోట ఆవిడది వస్తుంది. మీకు కళ్ళం గుర్తొస్తుంది, వాళ్ళ నాన్న గొంతు గుర్తొస్తుంది. ఆవిడ మాత్రం కనిపించరు. మన కళ్ళకు మనం కనిపించం కదా."

నడవలో ఆ బల్ల ఇంకా అక్కడే ఉంది. వెళ్ళి కూర్చున్నాను. అద్దం అవతల గది ఖాళీగా ఉంది, వడ్లు ఎప్పుడో ఊడ్చేశారు. ఒక గింజ మాత్రం తలుపు గాడిలో ఇరుక్కుని ఉంది. దాన్ని వేలితో తీశాను. ఆమె లోపల కూర్చుని ఐదో ఏటికి వెళ్ళి వస్తుంటే నేను ఇవతల ఉండి చూసేవాణ్ణి. నా పని అదే. నేనూ లోపలికి వెళ్ళిపోతే ఇవతల ఎవరుంటారు?

నాకు పెట్టవద్దని మెహర్‌కు చెప్పాను. గింజ జేబులో వేసుకున్నాను.

*

బడి వరండాలో లంకవాళ్ళందరూ కూడారు. మెహర్ ఉన్నది ఉన్నట్టు చెప్పారు. తీసేయమన్నవాళ్ళు కొందరు, వద్దన్నవాళ్ళు కొందరు. సైదులు తండ్రి నాగేశ్వర్రావు మాట అందరినీ ఆలోచనలో పడేసింది. నీళ్ళంటే భయపడితే పడనివ్వండి, నీళ్ళకు దూరంగా బతకడానికే కదా చదివిస్తున్నాం అన్నాడు.

"నేను సదువుకోలేదు కాబట్టే ఈ నీళ్ళలో నానుతున్నాను. ఆడు నానకూడదు. బయం పోద్ది మాస్టారూ, ఎప్పుడో ఓనాటికి పోద్ది. సదువు పోతే మళ్ళీ వత్తాదా?"

చాలామంది తలలాడించారు.

కోటమ్మ స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉంది. వాళ్ళ సదువు కోసమే నేనూ ఏడుస్తున్నాను నాగేస్రావూ అంది. సుభద్రమ్మ భయపడుతూనే రోజూ నీళ్ళు దాటి వచ్చిందనీ, ఆ దాటడం ఆమె సొంతమనీ అంది. "మన పిల్లలకి ఆమె బయం వచ్చింది. దాటడం రాలేదు. అది ఎవరిది ఆళ్ళు నేర్చుకోవాలి" అంది.

అందరూ నా వైపు తిరిగారు. పలక మీద ఉన్నది ఎవరో వాళ్ళకు తెలుసు. అందుకే ఎవరూ గట్టిగా అడగలేకపోతున్నారు. చివరికి నాగేశ్వర్రావే అడిగాడు.

"తీసేత్తే, మళ్ళీ మొదట్నించి మీరు నేర్పుతారా? ఆవిడ నేర్పినట్టు?"

ఆవిడలా నాకు రాదన్నాను. "నాకు వచ్చినట్టు నేర్పుతాను. ఆలస్యమవుతుంది. కానీ నేర్పుతాను."

అతను కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. "అయితే కానీండి" అన్నాడు.

*

చాపలు మళ్ళీ పరిచాం. పైకప్పు మీద సరస్సు వెలుగు మామూలుగానే వణుకుతోంది. ఒక్కొక్కరికే తీయాలి కాబట్టి ఆ పని చాలా మధ్యాహ్నాలు పట్టింది. నేను రోజూ గదిలోనే ఉన్నాను. గడ్డి వాసన రోజురోజుకూ పలచబడింది. నిద్రలేచిన పిల్లలు గోక్కోవడం మానేశారు. సైదులు లేచి తన రాతపలక తీసుకుని, చూసి, ఉమ్మేసి అరచేత్తో తుడిచాడు. నేను కిటికీ వైపు తిరిగాను.

నీలవేణిని చివరికి ఉంచమని నేనే అడిగాను. ఎందుకని మెహర్ అడగలేదు.

టోపీ పెట్టేముందు నీలవేణి అడిగింది. "నిద్రలేచాక నాకు చదవడం వచ్చుద్దా మాస్టారండీ?"

"రాదమ్మా."

"మరి?"

"నేర్చుకుందాం. నాకూ తెలీదనుకో. ఇద్దరం చూద్దాం."

అలాగేనంది. దానికి ఆ మాట బాగా తెలిసిన మాట.

"పడుకునేముందు ఒకసారి లెక్కపెడతావా?" అన్నాను. ఏమి లెక్కపెట్టాలంది. చుట్టూ చూశాను. పిల్లలు చాపల మీద అటూ ఇటూ దొర్లి నిద్రపోతున్నారు. వాళ్ళనే అన్నాను.

నీలవేణి లేచి నిలబడి, ఎడమచేత్తో గౌను సర్దుకుని, వేలు చూపిస్తూ మెల్లగా మొదలుపెట్టింది. లాభం, రెండు, మూడు. ఎవరినీ నిద్రలేపకుండా, ఎవరినీ విడిచిపెట్టకుండా గది చివరిదాకా లెక్కపెట్టింది. చివర తనను కూడా కలుపుకుంది. ఆపైన నా వైపు చూపించి నవ్వి, నన్నూ కలిపింది. నేను వింటూ ఉన్నాను. తరవాత అది పడుకుంది.

పని పూర్తయ్యాక మెహర్ పలకను యంత్రం కింద పెట్టి చాలాసేపు చూశారు. అక్షరాల జాడ లేదు, అంకెల జాడ లేదు, అనుకున్నట్టే చెరిగిపోయాయి అన్నారు. వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగారు.

"ఇంకొకటి ఉంది మాస్టారూ. దీనికి అర్థమేంటో నాకు తెలీదు, అందుకే రిపోర్టులో రాయను. మొదటి రోజునుంచీ ఆ పొరలో ఒక చోటు ఎర్రగా వెలుగుతుండేది, అది భయమని నీలవేణి నీళ్ళలో పడ్డాకే తెలిసింది. ఇప్పుడు చీకటిగా ఉంది. పిల్లలది ఏదో వచ్చి దాన్ని కడిగేసింది. అక్కడ ఇప్పుడు మెల్లగా ఊగే కదలిక ఒకటి ఉంది. ఇలాంటిది ఇంతకుముందు ఎప్పుడూ చూడలేదు."

నేను కిటికీలోంచి సరస్సు వైపు చూశాను. ఆ కదలిక నాకు తెలుసు. దోనెలో కూర్చున్న ఎవరికైనా తెలుసు. కళ్ళు తెరిచి కూర్చుంటే.

*

సోమవారం బడి మొదలుపెట్టాం. పొద్దున నేను గట్టు మీద ఉండగానే కోటమ్మ దోనె వచ్చింది. అది గట్టు తగలకముందే నీలవేణి దూకి, మిగతా దూరం ఈదుకుంటూ వచ్చి, నీళ్ళోడుతూ నా పక్కనుంచి పరుగెత్తింది. నా మణికట్టు వైపు చూడలేదు. కోటమ్మ వెనకనుంచి, "బట్టలే, బట్టలు!" అని కేకేస్తోంది. ఆమె మొహం మాత్రం విచ్చుకుని ఉంది.

తరగతులన్నీ కలిపి ఒకే గదిలో గుండ్రంగా కూర్చోబెట్టాను. పుస్తకాలు ముట్టుకోలేదు. ఇంటి దగ్గర ఏం లెక్కపెడతారు, ఎలా లెక్కపెడతారు అని అడిగాను. నీలవేణి జతలు చెప్పింది. సైదులు వల కన్నాలు చెప్పాడు. ఎవరో గూడబాతు గుడ్లు చెప్పారు. అందరూ నవ్వారు. మాకు అక్కడ మొదలైంది.

తరవాత మధ్యలో గవ్వలు పోశాను. అందరూ ముందుకు వంగారు. నేను మొదటి గవ్వ తీసి పక్కన పెట్టాను. వేలు దాని మీద ఉంది, నోరు తెరిచాను.

"లాభం" అన్నాను.

పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. నీలవేణి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంది. తప్పు చేసిన పెద్దమనిషిని నొప్పించకుండా ఎలా చెప్పాలా అని ఒక్క క్షణం ఆలోచించింది. తర్వాత జరిగి వచ్చి నా పక్కన కూర్చుని, నా వేలి కింద ఉన్న గవ్వను తను కూడా ముట్టుకుంది.

"ఒకటండీ, మాస్టారూ" అంది.

"ఒకటి" అన్నాను.